దించని డోలీ

పనసమెట్ట ప్రార్థన మందిరం ముందు ఒక పాత జీపు కమాను బద్ద వేలాడుతుంటుంది. అదే ఆ ఊరి గంట. ఇనుప ముక్కతో ఆగి ఆగి కొడితే ఆరాధనకు పిలుపు. ఆపకుండా దడదడా కొడితే డోలీ కావాలని. డోలీ గంట మోగిందా, ఇక మాటల్లేవు. ప్రార్థనలో ఉన్నా, పోడులో ఉన్నా, ముద్ద నోటి దగ్గరున్నా, వదిలేసి పరుగెత్తాల్సిందే. కర్ర ఒకరు, దుప్పటి ఒకరు అందుకుని, గంట కొట్టిన మనిషి దగ్గరికెళ్లి "ఎవర్ని మొయ్యాల?" అని అడగాలి. అంతకు మించి అడగకూడదు. ఏ దేవుడికి మొక్కుతావు, మొన్న మాతో ఎందుకు తగువు పెట్టుకున్నావు అని ఆరా తీయకూడదు.

ఈ కట్టుబాటు పెట్టినవాడు సంఘపెద్ద భీముడు. ముంచింగిపుట్టు నుంచి వచ్చే రోడ్డు కొండ దిగువన గెడ్డ వాగు దగ్గరే ఆగిపోతుంది. పురుడైనా, పాము కరిచినా, అక్కడిదాకా మనుషుల భుజాల మీదే దిగాలి. భీముడి పెళ్లానికి విషజ్వరం వచ్చిన ఏడు ఊళ్లో వాళ్లకీ అతని ఇంటికీ మాటల్లేవు. మోయడానికి ఒక్కరూ రాలేదు. ఇంట్లోనే, చాపమీదే పోయింది. పాతిపెట్టి వచ్చాక అతను మందిరంలో నిలబడి, "మోసేవోడు లేక నా ఇంటిది పోనాది. ఇంకెవులికీ అలాగ అవకూడదు" అన్నాడు. ఆ రోజు నిజంగానే అన్నాడు. అందులో ఏ వంకరా లేదు.

వంకర తర్వాత పుట్టింది. సంతలో ఎవరైనా కొత్త పాస్టరుగారు కనబడితే చాలు, టీ గ్లాసు చల్లారిపోయేదాకా డోలీ గంట సంగతే. చెప్పగా చెప్పగా ఆ గంట పెళ్లాం కోసం పెట్టాడో, తన పేరు కోసం పెట్టాడో అతనికే గుర్తులేకుండా పోయింది.

ఇక సాలూరు బాబు సంగతి. ఆయన పేరు వరహాలరావు, సాలూరులో ఇనుప సామాను, సిమెంటు రేకుల కొట్టు. పెద్ద జబ్బుచేసి, ప్రార్థనతో నయమైందని ప్రభువును నమ్ముకున్నాడు. మంచివాడే పాపం, చేతికి ఎముక లేని మనిషి. పనసమెట్ట మందిరం పైకప్పు కారుతోందని ఎవరో చెబితే, కొత్త రేకులు నేనిస్తానన్నాడు. అయితే ఆయన కుడిచేతికి రెండు బంగారు ఉంగరాలు, ఒకదాంట్లో పగడం, ఒకదాంట్లో పుష్యరాగం. ఎప్పుడో గ్రహాలు బాగోలేవని జాతకం చూసి ఎవరో పెట్టించినవి. నమ్ముకున్నాక కూడా తీయలేదు. భీముడు చూశాడు. చూసి, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. "కొత్త విశ్వాసి, నెమ్మదిగా ఆయనే తీసేస్తాడు" అనుకున్నాడు. ఎంత ఓర్పండీ! అందులో పిసరంత సోములమ్మ మీద చూపించి ఉంటే ఈ కథే లేదు.

సోములమ్మ భర్తలేని మనిషి. కాఫీ తోటల్లో కూలి చేసి కూతురు గాయత్రిని పెంచింది. గాయత్రికి ఒడిశా వైపు నుంచి జగదీష్ అనే కుర్రాణ్ని ఇల్లరికం తెచ్చుకుంది. నెమ్మదస్తుడు, కష్టపడతాడు, తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. కొండ ఒడియాలోనే మాట్లాడతాడు. ఇంట్లో నాలుగో మనిషి చిన్నమ్మలు, సోములమ్మ అత్త. కళ్లు మసకబారిన ముసలిది. బాప్తిస్మం తీసుకోలేదు, కొండదేవతనే మొక్కుతుంది. అయినా పాటలు వినడానికి కోడలి చెయ్యి పట్టుకుని మందిరానికి వచ్చి, నడుం నిలవక ముందు గోడకు ఆనుకుని కూర్చునేది.

వరహాలరావు మొదటిసారి వచ్చిన ఆదివారం, మందిరంలో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి ఎక్కడ వెయ్యాలా అని భీముడు చూశాడు. సరిగ్గా చిన్నమ్మలు కూర్చున్న చోటే బాగుంటుందనిపించింది.

"ముసిల్దాన్ని గుమ్మంకాడికి జరుపు సోములమ్మా. బాబుగోరికి కుర్సీ ఎయ్యాల."

సోములమ్మ లేచింది. అత్త రెక్క పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా అంది: "ఏటి పెద్దయ్యా, ఉంగరాలున్నోలికి కుర్సీ, కళ్లు అవుపడనోలికి గుమ్మమా? దేముడు కూడా సేతి ఏళ్లు సూసే కూకోబెడతాడేటి?"

ఆడవాళ్లలో ఒకరిద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వరహాలరావుకు ఆ గొడవ తెలియదు, ఆయన అప్పటికి గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటున్నాడు. కానీ ఆ నవ్వు భీముడికి చెవిలో చీమ దూరినట్టు దూరింది. ఇంటికి వెళ్లి మోకరించి, "ప్రభువా, నీ సంఘంలో నోటి దురుసు పెరిగింది, శుద్ధి చెయ్యి" అని వేడుకున్నాడు. ప్రార్థనలాగే ఉంది మరి. ఎవరు విన్నా ఆమేన్ అనే అంటారు.

శుద్ధి చెయ్యడానికి అతనికి మామిడికాయ దొరికింది.

ఆ కొండల్లో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. 'కొత్తలు' అని కొత్త మామిడిని దేవతకు పెట్టేదాకా పాత మతంవాళ్లు ఎవరూ ముట్టరు. ముందే తిన్నవాళ్ల చేతి నీళ్లు కూడా పెద్దవాళ్లు తాగరు. ఆ ఏడు పండుగకు ముందు ఆదివారం, భీముడు చెట్టునుంచి తొలికాయలు కోసి మందిరానికి తెచ్చాడు. ముక్కలు కోసి, ఉప్పు అద్ది, పళ్లెంలో పెట్టి, "విగ్రాలికి భయపడనోలు తినండి" అంటూ ఒక్కొక్కరి ముందూ నిలబడ్డాడు. అందరూ తిన్నారు. సోములమ్మ తినలేదు.

"ఏం, తినవా?"

"ఇంటికాడ ముసిల్ది ఉంది కదా పెద్దయ్యా. నాను తింటే అది నా సేతి నీళ్లు ముట్టదు. గాయత్రి నిండు సూలాలు, వంగలేదు. నాను గాక దానికెవులు పెడతారు? పండగ అవనీ, తింటాను."

ఇందులో అర్థం కానిదేముంది? భీముడు ఆ కొండలోనే పుట్టి పెరిగినవాడు. అతని తల్లి కూడా కొత్తలు అయ్యేదాకా మామిడికాయ వాసన చూసేది కాదు. అయినా పళ్లెం పక్కన పెట్టి, గొంతు పెంచాడు. "కొత్తలు పట్టుకున్న ఇంటిమీదకి దేముడి సెయ్యి ఆశీర్వాదానికి రాదు, శిచ్చకే వస్తాది. ముక్క తిన్నాకే బల్లకాడికి రా." ఆ రోజు ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి అందరికీ ఇచ్చాడు, ఆమెను దాటి పక్కామెకు ఇచ్చాడు. సోములమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం అతను చూశాడు. మనసు చల్లబడింది. అది పరిశుద్ధాత్మ ఇచ్చిన శాంతి అనుకున్నాడు, ఖర్మ!

పండుగ వారంలోనే కొత్త రేకుల ప్రతిష్ఠ పెట్టుకున్నారు. ఊళ్లో పాత మతం మగాళ్లంతా పండుగ వేటకు అడవిలోకి వెళ్లిపోయారు. ఉన్నది సంఘంలో డోలీ మోసే నలుగురు కుర్రాళ్లు, ముసలివాళ్లు, ఆడవాళ్లు. వరహాలరావుకు మోకాళ్ల నొప్పి. "నెమ్మదిగా ఎక్కేస్తానయ్యా, కర్రుంది కదా" అని ఆయన ఫోన్లో చెప్పాడు కూడా. భీముడు ఒప్పుకుంటాడా? "తమరు నడవడమేటి బాబూ, మా కుర్రగుంటలు మోసుకొస్తారు" అన్నాడు.

పొద్దున్నే మందిరంలో కుర్చీ తీయించి, డోలీ కర్రకు తాళ్లతో బిగించి కట్టించాడు. జబ్బు మనుషులను పడుకోబెట్టే దుప్పటిని మడతపెట్టి, మెత్తగా ఉంటుందని కుర్చీలో పరిపించాడు. డోలీ మోసే కుర్రాళ్లకు నాయకుడు నవీన్. వాడు కాస్త నసిగాడు.

"మనమందరం కిందికెలిపోతే, ఊళ్లో ఎవులికైనా ఏదైనా అయితే పెద్దయ్యా?"

"ఇవాళేటవుతాది? దేముడి పని మీద ఎల్తన్నాం. నడు బేగి."

గెడ్డ దగ్గర కారు ఆలస్యంగా వచ్చింది. దారిలో పండుగ ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు పెట్టి, పాటపాడి, పండుగ డబ్బులు పుచ్చుకుని గాని వదల్లేదట. వరహాలరావు నవ్వుతూ దిగాడు. డ్రైవరును కారు దగ్గరే ఉండమన్నాడు. కుర్చీ ఎక్కడానికి సిగ్గుపడ్డాడు. "ఏటయ్యా ఇది, పెళ్లికొడుకునా?" అన్నాడు. భీముడు బతిమాలి, చెయ్యిపట్టి కూర్చోబెట్టాడు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఎత్తారు. భీముడు పాట ఎత్తుకుని ముందు నడిచాడు.

సగం కొండ ఎక్కేసరికి పైనుంచి గంట. దడదడా, ఆగకుండా.

నవీన్ అడుగు తడబడింది. నలుగురూ భీముడి వైపు చూశారు. అతను పాట ఆపలేదు, గొంతు ఇంకాస్త పెంచాడు. వరహాలరావు అది తన స్వాగతం గంట అనుకున్నాడు. కాసేపటికి గంట ఆగింది. మలుపు దగ్గర పైనుంచి రాళ్లు దొర్లించుకుంటూ జగదీష్ పరుగెత్తుకొచ్చాడు. చొక్కా లేదు, చేతులకు నెత్తురు. వస్తూనే భీముడి కాళ్ల మీద పడ్డాడు. కొండ ఒడియాలో ఒకటే గోల: గాయత్రికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ రాలేదు, నెత్తురు ఆగడం లేదు, ఊళ్లో మోసే మగాడు లేడు, డోలీ ఇయ్యి, డోలీ ఇయ్యి. లేచి వరహాలరావు వైపు తిరిగి, ఆయనకూ చేతులు జోడించి, మళ్లీ నేలమీద పడ్డాడు.

"ఏటయ్యా, ఏటంటన్నాడా గుంటడు?" ఒడియా రాని వరహాలరావు కుర్చీలో ముందుకు వంగాడు. "సేతులకి ఆ ఎరుపేటి? దెబ్బేదైనా తగిలిందేటి?"

ఇదిగో, ఇక్కడ. ఈ మలుపు దగ్గర ఎవరికైనా ఆగి ఆలోచించే వ్యవధి ఉంది. దారి పక్కన కూర్చోవడానికి బండ ఉంది. కుర్చీలో మనిషికి చేతికర్ర ఉంది. ఒక్క మాట చెబితే చాలు, ఆయన దిగుతాడు.

భీముడి బుర్రలో ముందు తిరిగింది బాబు ఏమనుకుంటాడో అని. ఇంత దూరం పిలిచి, సగం దారిలో బండమీద దించేస్తే మళ్లీ వస్తాడా? వచ్చే ఏడు ప్రహరీగోడ ఇస్తానన్నాడు కదా. దాని అడుగున ఇంకోటి కదిలింది. సోములమ్మ. ఇప్పుడు గుర్తొచ్చానన్నమాట. అందరిముందూ నవ్వించిన నోరు ఇప్పుడు కాళ్ల దగ్గరికి అల్లుణ్ని పంపింది. కాస్త వంగనీ. దేవుడే వంచుతున్నాడు, మధ్యలో నేనెవర్ని? ఆ ఆలోచన తియ్యగా ఉంది. ఒక్క గుటక వేసేంత సేపే ఉంది గాని, ఉంది.

"ఏం లేదు బాబూ," అన్నాడు తెలుగులో. "తమరొచ్చారని దణ్ణాలు పెడతన్నాడు. పండక్కి కోడిని కోసుంటాడు, సేతులు కడుక్కోకుండా వొచ్చీసినాడు."

మోస్తున్న నలుగురికీ తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. నలుగురూ విన్నారు. నవీన్ నోరు తెరిచాడు. భీముడు అతని కళ్లలోకి చూశాడు. నవీన్ నోరు మూసుకున్నాడు.

"అయ్యో, లెగమను, లెగమను. నాకెందుకయ్యా దణ్ణాలు, దేముడికి పెట్టమను," అన్నాడు వరహాలరావు నొచ్చుకుంటూ. ఉంగరాల చెయ్యి ఎత్తి జగదీష్‌కు వందనం చేశాడు.

భీముడు జగదీష్‌ను లేవదీసి, వాడి భాషలో చెప్పాడు: నువ్వు పద, పైన దించీగానే పంపుతాను. పిల్లవాడు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, డోలీ గంట పెట్టిన మనిషే చెబుతున్నాడాయె! మళ్లీ పైకి పరుగెత్తాడు.

పైకి వెళ్లాక భీముడు నిజంగానే బేగి దింపుదామనుకున్నాడు. దింపేసరికి ఆడపిల్లలు పూలదండలతో ఎదురొచ్చారు. ప్రేమగా మోసుకొచ్చిన కుర్రాళ్లతో ఒక ఫొటో కావాలన్నాడు వరహాలరావు. కుర్చీ తాళ్లు బిగుసుకుపోయి ముడి ఊడలేదు, కత్తి కోసం వెతికారు. పొయ్యిమీద అన్నం ఉడికేంత సేపు పట్టింది. చివరికి నవీన్ దుప్పటి లాక్కుని, కర్ర భుజాన వేసుకుని, ఏడుస్తూ సోములమ్మ ఇంటివైపు పరుగెత్తాడు. మిగతా ముగ్గురూ వెనకే. మందిరం ముందు రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, కోడికూరతో భోజనాలు పెట్టారు. భీముడు కూడా తిన్నాడు.

సాయంత్రం వరహాలరావు తిరుగుప్రయాణమయ్యాడు. డోలీ రాలేదు. "ఏం పర్లేదు" అని చేతికర్ర పట్టుకుని, మధ్యమధ్య బండల మీద కూర్చుంటూ, దిగిపోయాడు. సాగనంపడానికి భీముడు వెంట వెళ్లాడు. నడవగలడు. శుభ్రంగా నడవగలడు.

గెడ్డ దగ్గర కారు అప్పుడే వెనక్కి వచ్చింది. వెనక సీటంతా నెత్తురు. డ్రైవరు ఒడ్డున కూర్చుని తల పట్టుకున్నాడు. కుర్రాళ్లు డోలీతో దిగేసరికి పిల్ల తెలివిలోనే ఉందట, మంచినీళ్లడిగిందట. యజమానిని అడగకుండానే కారెక్కించాడు. ముంచింగిపుట్టు ఇంకా కనబడకముందే ఊపిరి ఆగిపోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, "బిడ్డ కూడా లేదు. కాస్త ముందొచ్చుంటే ఆశ ఉండేదేమో" అందట.

వరహాలరావు ఆ సీటుకేసి చాలాసేపు చూశాడు. తర్వాత భీముడి వైపు తిరిగాడు.

"దారిలో ఆ గుంటడు ఏడ్సింది దీనికేనా?"

భీముడు నేల చూశాడు.

"నాతో సెప్తే దిగీవోణ్ని కదయ్యా," అన్నాడు వరహాలరావు. "నాకు కాళ్లున్నాయి కదయ్యా!" ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నాడు. వందనం చెప్పలేదు.

గాయత్రిని డోలీ దుప్పటిలోనే చుట్టి, ఆ దుప్పటితోనే పాతిపెట్టారు. ఆ తర్వాత రోజుల్లో భీముడు ఒక మాట పదేపదే విన్నాడు. నూతి దగ్గర విన్నాడు, పోడులో విన్నాడు. "కొత్తలు పట్టుకున్న ఇల్లు కదా, దేముడి సెయ్యి శిచ్చకే వొచ్చింది. పెద్దయ్య ముందే సెప్పినాడు." తన మాటే తనకు తిరిగొచ్చింది, పైగా మెప్పుతో! కాదని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోగా, నిజమేనేమో అనుకుందామని చూశాడు. ఆమె విగ్రహాలను పట్టుకుంది, దేవుడు చూశాడు, నేను చేసింది సంఘం పని. అలా పేర్చుకుంటూ పోతే బాగానే నిలబడేది. ఆ మలుపు దగ్గర మింగిన తియ్యటి గుటక గుర్తొచ్చేసరికి మొత్తం కూలిపోయేది. పెళ్లాం చచ్చిన రోజు ఎవరూ రాలేదని పళ్లు కొరికాడు. వాళ్లయినా మాకు మాటల్లేవని నిజం చెప్పి మానేశారు. తాను పాట పాడుతూ మానేశాడు.

ఆదివారం వచ్చింది. కొత్త రేకుల కింద మందిరం వేడిగా ఉంది. కుర్చీ యథాస్థానంలో ఉంది, చేతుల మీద తాడు గీతలు పడి ఉన్నాయి. అందులో ఎవరూ కూర్చోలేదు. భీముడు బల్ల దగ్గర నిలబడి రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఎవరిని వారు పరీక్షించుకోవాలని ప్రతివారం చెప్పే మాట చెప్పబోయాడు. గుమ్మంలో నీడ పడింది.

సోములమ్మ. అత్త చెయ్యి పట్టుకుని వచ్చింది, వెనకాల జగదీష్. ఎవరూ చెప్పకుండానే చిన్నమ్మలును గుమ్మం దగ్గరే కూర్చోబెట్టింది. తిన్నగా బల్ల దగ్గరికి నడిచొచ్చి, కొంగుముడి విప్పింది. అందులో మామిడికాయ ఉంది.

"సావింట్లో పండగ లేదు కదా పెద్దయ్యా. మా ఇంట్లో కొత్తలు పెట్టనేదు," అంది. గొంతులో కోపం లేదు. ఆ కోపం లేకపోవడానికే భీముడికి భయమేసింది. "మా అత్తే సెట్టుకాడికి తీసుకెల్లమని, తడుముకుని కోసింది. 'నా మూలాన నీ దేముడికి కోపమొచ్చింది, నువ్వు తిను కోడలా, నీ సేతి నీళ్లు నాను తాగుతాను' అంది. సూడు, తింటన్నాను."

కొరికింది. పుల్లటి కాయ, మొహం చిట్లించకుండా నమిలింది. మందిరంలో ఆ నమిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. టెంక దాకా తిని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, మొన్న వెనక్కి తీసుకున్న ఆ చెయ్యే మళ్లీ చాచింది.

"ఒక్కటి సెప్పు పెద్దయ్యా. నీకు వాక్యం తెలుసు. ఆ వారమే నాను ముక్క తినుంటే, నా గుంట బతికీదేనా? నా ఎదవ మొండితనానికే దాన్ని సంపీసినానా?"

భీముడికి దారి కళ్లముందే ఉంది. తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. ఆమె ఏడుస్తుంది, అతను రొట్టె ఇస్తాడు, అందరూ ఆమేన్ అంటారు. ఆమె బతికినన్నాళ్లూ తన కూతుర్ని తానే చంపానని నమ్ముతుంది. అతను బతికినన్నాళ్లూ సంఘపెద్దగా ఉంటాడు. నవీన్ మూలన మోకాళ్లలో తల దాచుకున్నాడు. మోసిన మిగతా ముగ్గురూ తల ఎత్తలేదు. వాళ్లు చెప్పరు. చెప్పరని అతనికి తెలుసు.

తల ఊపబోయాడు కూడా. మెడ కదిలింది. అప్పుడు గుమ్మం దగ్గర ముసలిదాని మీద కళ్లు పడ్డాయి. కనబడని కళ్లు అతని గొంతు వినబడే వైపుకే తిప్పి, జవాబు కోసం చెవి రిక్కించి కూర్చుంది.

"లేదు," అన్నాడు.

"ఏటి?"

"నువ్వు సంపలేదు సోములమ్మా. నాను సంపీసినాను. నీ అల్లుడు దారిలో నా కాళ్లట్టుకున్నాడు. ఆ బాబు ఏటంటన్నాడని అడిగినాడు. సెప్పుంటే దిగీవోడు. దణ్ణాలు పెడతన్నాడని అబద్దమాడినాను. బాబుకి కోపమొస్తాదని కొంత. నువ్వు నన్నొకనాడు నలుగుర్లో నవ్వులపాలు సేసినావని కొంత. నీ మామిడికాయకీ దేముడికీ ఏ సంబంధం లేదు. అది నాను ఎతికి పట్టుకున్న సాకు."

జగదీష్‌కు ఆ తెలుగు అర్థం కాలేదు. సోములమ్మ మొహంకేసి, భీముడి మొహంకేసి మార్చిమార్చి చూస్తున్నాడు. సోములమ్మే వాడికి చెప్పింది, కొండ ఒడియాలో, నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కే. చెప్పడం అయ్యాక వాడు గోడకు జారబడి, అలాగే కిందికి కూలిపోయాడు.

సోములమ్మ చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. భీముడు ఏం చెయ్యాలో తెలియక, విరిచిన రొట్టె ముక్క అందులో పెట్టబోయాడు. ఆమె చెయ్యి మూసుకుంది. తిట్టలేదు, శపించలేదు. అతను తిడుతుందనే అనుకున్నాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, అత్తను దాటుకుని బయటికి నడిచింది.

ఆ తర్వాత గంట మోగింది.

ఆరాధన గంట కాదు. దడదడా, ఊపిరి తిప్పుకోకుండా, డోలీ గంట. మందిరంలో ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు నవీన్ లేచాడు. మూలనున్న కర్ర అందుకున్నాడు. దుప్పటి కోసం చెయ్యి చాచి, అది ఎక్కడుందో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఉత్త కర్రతోనే బయటికి పరుగెత్తాడు. ముగ్గురు కుర్రాళ్లు వెంట వెళ్లారు. తర్వాత మగాళ్లంతా, ఆ తర్వాత ఆడవాళ్లు, పిల్లలు.

గంట కొడుతున్న సోములమ్మ ముందు నవీన్ నిలబడ్డాడు. కట్టుబాటు ప్రకారం అడగాల్సిన మాట ఒక్కటే ఉంది.

"ఎవర్ని మొయ్యాల, పిన్నీ?"

"నా గుంటని," అంది సోములమ్మ.

మళ్లీ కొట్టింది. కొడుతూనే ఉంది. ఆపమని ఎవరూ అనలేకపోయారు. లోపల బల్ల దగ్గర భీముడు ఒక్కడే మిగిలాడు, విరిచిన రొట్టె చేతిలో పట్టుకుని, తీసుకునేవాళ్లు లేక.